ఏమోయ్ అనే తాళంచెవి

బొగ్గుల వీధిలో వరుసగా మూడో నీళ్ల మీటరు కూడా పోయాక, మున్సిపాలిటీ నీటి విభాగంవారు హైమవతిని తాళంగా నమోదు చేశారు. ఆకుపచ్చ కార్డు ఇచ్చారు. ఫొటో కింద "రకం: ఇంటిది" అని ఉంది.

ఇందులో వింతేమీ లేదు. ఆరుబయట బిగించిన ఇత్తడి కుళాయిలూ మీటర్లూ పాత సామాన్ల కొట్లకు చేరిపోతున్నాయని మొదట ఇనప తాళాలు వేయించారు. దొంగలు తాళాలు కూడా పట్టుకుపోయారు. ప్లాస్టిక్ కుళాయిలు పెడితే దారినపోయేవాళ్లు సరదాకి విరిచేశారు. అప్పుడు అధికారులు, ఎప్పుడూ ఇంటిదగ్గరే ఉంటూ ఎవరూ ఎత్తుకుపోని వస్తువేదా అని ఆలోచించి ఇంటింటికీ ఫారాలు పంపారు. "ఇంట్లో ఖాళీగా ఉండేవారు" అన్న గడిలో హైమవతి భర్త సన్యాసిరావు టీవీ మీంచి చూపు తిప్పకుండా ఆవిడ పేరు రాసేశాడు. రాయడానికి పెన్ను వెతికి ఇచ్చింది హైమవతే. అప్పుడావిడ చపాతీలు కాలుస్తోంది.

తాళం అన్నాక తాళంచెవి ఉండాలి. నీటి విభాగం గుమాస్తా తవిటయ్య రిజిస్టరు పట్టుకుని వచ్చాడు.

"ఏమని పిలిస్తే పలుకుతారు సార్, మేడం?"

"ఏమోయ్ అంటాను."

"చాల్సార్." తవిటయ్య ఎక్కించేశాడు.

డ్యూటీ కష్టమైందేం కాదు. వంట అయ్యాక పది గంటలకు గేటు పక్క మీటరు పెట్టె మూత మీద చెయ్యి వేసి నిలబడాలి. సన్యాసిరావు భోజనానికొచ్చి "ఏమోయ్" అంటే చెయ్యి తీసి, లోపలికెళ్లి ఏం కావాలో చూడాలి. మళ్లీ వచ్చి పడాలి. నెలకోసారి మేస్త్రీ వచ్చి మోచేతులకు కొబ్బరినూనె రాసుకోమని చెప్పి సంతకం తీసుకుంటాడు. పక్కింటి పద్మాసని కూడా తాళమే. ఇద్దరూ చెరో మూత మీద చెయ్యేసి గోడ మీదుగా కబుర్లు చెప్పుకునేవారు.

"వదినా, మా అత్తగారిని కూడా తాళంగా ఎక్కించమన్నాను. తుప్పు పట్టిందని తిప్పి పంపేశారు."

"అదృష్టవంతురాలు. నడుం వాల్చుకుంటోంది."

హైమవతికి ఉన్న కోరికల్లా ఒక్కటే. కాలేజీలో బోటనీ చదివినవాళ్లందరూ పాతికేళ్ల తర్వాత ఆదివారంనాడు భీమిలి బీచిలో కలుస్తున్నారు. వెళ్లాలి. పాతికేళ్లుగా ఆవిడ సముద్రాన్ని చూసింది క్యాలెండర్లోనే. సెలవు అర్జీ పెట్టింది. పదిహేను రోజులు మీటరు పోకుండా కాపాడిన తాళానికి ఒక రోజు సెలవు ఇవ్వవచ్చునని నిబంధన ఉందట. హైమవతి వంటింటి తలుపు మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంది.

పదమూడో గీత గీసిన రోజు మిట్టమధ్యాహ్నం, వీధి మొగలో ఎవడో ఒకడు నిలబడి, తీరుబడిగా గొంతు సవరించుకుని "ఏమోయ్!" అన్నాడు.

బొగ్గుల వీధిలోని పదకొండు తాళాలూ ఒక్కసారిగా మూతల మీంచి చేతులు తీసి, ఏం కావాలో చూడ్డానికి లోపలికి వెళ్లాయి. పద్మాసని మంచినీళ్లు కూడా ముంచింది. తిరిగొచ్చేసరికి పదకొండు మీటర్లూ లేవు.

విచారణలో తాళాల తప్పేమీ లేదని తేలింది. పదకొండు తాళాలకూ ఒకటే చెవి ఉండటమే లోపం. శనివారంలోగా ఎవరి తాళాన్ని వారు సొంత పేరుతో పిలిచి చెవి మార్పించుకుంటే, పాత గీతలు చెల్లుతాయని, సెలవులు మంజూరవుతాయని ఉత్తర్వు వచ్చింది.

శుక్రవారం హైమవతి భర్తను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. చేతిలో కొత్త చీర కవరు కూడా ఉంది, అటునుంచి అటే ఇస్త్రీకి ఇద్దామని.

"పేరు పెట్టి ఒక్కసారి గట్టిగా పిలవండి సార్," అన్నాడు తవిటయ్య.

సన్యాసిరావు అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంతమందిలో ఏం బాగుంటుందయ్యా. రేషన్ కార్డులో ఉంది, చూసి రాసుకో."

"చదివితే కుదరదండి, పిలవాల."

"హైమవతి," అంది హైమవతి. "నేను చెబుతున్నాగా, రాయండి."

"తాళం తన చెవి తనే చెప్పేస్తే అదింకేం తాళమమ్మా?" తవిటయ్య నొచ్చుకున్నాడు. అంతలోనే జాలిపడ్డాడు. "పోనీ, ఫోన్లో మేడం నంబరు ఏమని పెట్టుకున్నారు సార్? అదే ఎక్కించేద్దాం."

సన్యాసిరావు ఊపిరి పీల్చుకుని ఫోను తీసి చూపించాడు. "ఇల్లు" అని ఉంది.

తవిటయ్య తల గోక్కున్నాడు. "ఈవిడ ఇల్లయితే తాళమెలా అవుద్ది సార్? ఇన్నాళ్లూ తప్పు విభాగంలో ఉందీ ఫైలు."

ఫైలు పై అంతస్తులోని ఇంటి నంబర్ల విభాగానికి వెళ్లింది. అక్కడ పని చకచకా అయిపోయింది. ఫారం అంతా అప్పటికే నింపి ఉన్నట్టే అనిపించింది వాళ్లకు.

"మరి నా సెలవు?" అని అడిగింది హైమవతి.

"తాళానికైతే ఇచ్చేవాళ్లమే అమ్మా. ఇల్లు ఎక్కడికెళ్తాది?" అన్నారు వాళ్లు.

సన్యాసిరావు నిజంగానే బాధపడ్డాడు. "పోన్లే, ఇక గేటు దగ్గర ఎండలో నిలబడక్కర్లేదు," అని ఓదార్చాడు. శనివారం పెయింటరు వచ్చి, ఎడమ భుజం మీద నంబరు వేసి, ఆరేదాకా ఆనుకోవద్దని చెప్పి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం బీచి నుంచి కాలేజీ నేస్తం ఎస్తేరు రాణి ఫోన్ చేసింది. ఆవిడ లెక్చరరు, పెళ్లి ఊసెత్తని మనిషి. వెనకాల అలల చప్పుడు వినిపిస్తోంది.

"రాలేదేమే?"

"ఇల్లయ్యానే."

"నువ్వు కూడానా! నీతో కలిపి తొమ్మిదిళ్లు. మగపిల్లలందరూ వచ్చారే. ఆడవాళ్లేరీ, ఆడవాళ్లేరీ అని ఒకటే గోల."

"ఏం చెప్పావు?"

"ఇళ్లు కదా, అలా వదిలేసి ఎలా వస్తాయి అన్నాను. నిజమే పాపం అన్నారు."

"నిజమే," అంది హైమవతి.

ఫోను పెట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. జల్లు లోపలికి కొట్టకుండా హైమవతి కళ్లు మూసుకుంది.