రెండు నిమిషాల మౌనం

ఆ రోజు పొద్దున బ్యూగిల్ మాస్టారు వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పది గంటలకు అమరవీరుల స్మారకం దగ్గర బ్యూగిల్ ఒకసారి వాయించాలి, రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి వాయించాలి, సాయంత్రానికి రిటైరై ఇంటికి వచ్చేయాలి. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే. మొదటి పిలుపుతో దేశమంతా మౌనంలోకి వెళ్తుంది, రెండో పిలుపుతో బయటికి వస్తుంది. ఆ మధ్యలో గడియారం చూసుకోవడం మర్యాద కాదు కనుక, మనసులోనే నూట ఇరవై దాకా లెక్కపెట్టుకోవడం మాస్టారి బాధ్యత.

పోయినేడాది ఆ లెక్కే కొంప ముంచింది. కంగారులో అంకెలు పరుగెత్తాయి, రెండో పిలుపు ఎనిమిది సెకన్లు ముందే మోగింది. "అమరుల నుంచి ఎనిమిది సెకన్లు దొంగిలించారు" అని ఓ పత్రిక మొదటి పేజీలో రాసింది. మాస్టారి సర్వీసులో పడిన ఒకే ఒక్క మచ్చ అది. ఆ అమరులు పోయిన యుద్ధంలోనే ఆయన సొంత అన్నయ్యా పోయాడు. అందుకని ఊరంతా మరిచిపోయినా ఆ మాట ఆయన మరిచిపోలేకపోయాడు. ఈసారి మచ్చ పడకుండా వాయించి వెళ్ళిపోవాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

"ఏవండీ, ఈసారి మాత్రం తొందరపడకండి," అంది భార్య, ఆయన కోటు గుండీలు సరిచేస్తూ.

"పడదామన్నా పడనివ్వరు. లెక్క నా చేతిలోంచి తీసేశారుగా."

"పోన్లెండి, పీడా పోయింది. హాయిగా నిలబడి మీ అన్నయ్యని తలుచుకోండి."

మాస్టారు బ్యూగిల్ చేతిలోకి తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ రెండు నిమిషాల్లో అన్నయ్య ఒక్కసారి కూడా గుర్తు రాలేదని ఆమెకెలా చెప్తాడు? నలభై ఒకటి, నలభై రెండు అని లెక్కపెట్టుకునే మనిషి మనసులో అన్నయ్యకి చోటెక్కడుంటుంది?

స్మారకంలో ప్రతిదానికీ ఓ అర్థం ఉంది. నడుమ ఉన్న నల్లరాతి మీద ఒక్క పేరూ ఉండదు, ఏ తల్లి వచ్చినా అది తన బిడ్డదే అనుకోవాలని. ద్వారం పొట్టిగా ఉంటుంది, ఎంతటివాడైనా తల వంచి రావాలని. కుడివైపు స్తంభం సగంలో ఆగిపోయి ఉంటుంది, సగంలో ఆగిన బతుకులకు గుర్తుగా. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజనీరూ దాన్ని పూర్తి చేయిస్తానని ఫైలు పెడతాడు. స్మారకం సూపరింటెండెంటు ఆ అర్థమంతా విడమరిచి చెప్పి ఫైలు వెనక్కి పంపిస్తూ ఉంటాడు.

తొమ్మిదిన్నరకు ఆ సూపరింటెండెంటు మాస్టారిని పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, ఈసారి లెక్క నాది. టోపీ తీసి చేత్తో పట్టుకుంటాను. అది మళ్ళీ నా తల మీదికెక్కితే వాయించండి. ఎక్కలేదా, పిడుగు పడినా వాయించకండి."

"పిడుగు పడినా వాయించను సార్."

మరో పది నిమిషాలకు, దేశాధ్యక్షుడి రాకకు మర్యాదలు చూసే ప్రోటోకాల్ ఆఫీసరు సూపరింటెండెంటును పట్టుకున్నాడు. "అధ్యక్షులవారు తల దించుకుని ఉంటే మీరు టోపీ పెట్టుకుంటారా? టీవీలో ఎంత అసహ్యంగా ఉంటుందండీ! ఆయన తల ఎత్తేదాకా టోపీ జోలికి పోకండి." ఆ టోపీయే బ్యూగిల్‌కి గుర్తని సూపరింటెండెంటు చెప్పబోయాడు గానీ, ఆఫీసరు అప్పటికే వెళ్ళి ఇంకెవరి టైనో సరిచేస్తున్నాడు. పై అధికారి వెంటపడి చెప్పే అలవాటు సూపరింటెండెంటుకు ఏనాడూ లేదు.

పదికి ఐదు నిమిషాలుందనగా దేశాధ్యక్షుడు కారు దిగాడు. అదే ఆఫీసరు ఆయన చెవిలో, "బ్యూగిల్ మోగేదాకా తల ఎత్తకండి సార్, పత్రికలవాళ్ళు కాచుకుని ఉన్నారు," అన్నాడు. వేటికవే బంగారంలాంటి సలహాలు. కలిపి చూస్తే, టోపీ కోసం బ్యూగిల్, తల కోసం టోపీ, బ్యూగిల్ కోసం తల ఎదురుచూస్తున్నాయి. కలిపి చూసినవాడు ఒక్కడూ లేడు.

పదింటికి మాస్టారు మొదటి పిలుపు వాయించాడు. తలలు వంగాయి. మౌనం మొదలైంది.

రెండు నిమిషాలు గడిచాయి. మూడూ గడిచాయి. టోపీ కదల్లేదు. ఐదో నిమిషంలో అధ్యక్షుడి ముక్కు మీద ఈగ వాలి, కాసేపు విశ్రాంతి తీసుకుని, తన దారిన తాను పోయింది. ఆయన చలించలేదు. రెండో పిలుపు మోగేదాకా ఏదీ కదలకూడదని ఉత్తర్వు కనుక, రేడియోలో ఈ మౌనాన్నే వింటూ నగరమంతా బిగుసుకుపోయింది. స్టేషన్లో గార్డు విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. మంగలి షాపులో ఓ పెద్దమనిషి సగం గడ్డంతో నిలబడ్డాడు.

ఎక్కడో తేడా కొట్టిందని ప్రోటోకాల్ ఆఫీసరుకు ఏడో నిమిషంలో అనుమానం వచ్చింది. కానీ మౌనంలో కదిలినవాణ్ణి అక్కడికక్కడే సస్పెండ్ చేస్తామని సంతకం పెట్టింది తనే. అందుకని కనుబొమలు ఎగరేసి సూపరింటెండెంటుకు సైగ చేశాడు. అది మెచ్చుకోలు కాబోలనుకుని సూపరింటెండెంటు ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

మాస్టారి చూపంతా టోపీ మీదే. లెక్కపెట్టడానికేమో ఏమీ లేదు. ఆ ఖాళీలోకి, పిలవకుండానే, అన్నయ్య వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. ఎడమది ఎప్పుడూ తిరగబడే ఉండేది. "తమ్ముడూ, దాన్ని తిప్పి పెట్టరా" అని లోపలినుంచి కేకేసేవాడు. ముఖం, గొంతు, ఆ కేకలోని పెద్దరికం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కళ్ళముందుకొచ్చాయి. మాస్టారికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ నిన్ను అంకెల వెనక నిలబెట్టాను కదరా అన్నయ్యా అనుకున్నాడు. చెంపలు తడిసినా తుడుచుకోలేదు.

అప్పుడు కనిపించింది ముందు వరసలోని ముసలమ్మ. కొడుకును ఆ యుద్ధంలో పోగొట్టుకున్న తల్లి, ఎనభై దాటిన మనిషి. కుర్చీ వేస్తామంటే ఒద్దని కర్ర పట్టుకుని నిలబడింది. కళ్ళు మూసుకుని ఉంది, పెదాలు కదులుతున్నాయి, కర్ర వణుకుతోంది. మాస్టారు టోపీ వైపు చూశాడు, అది సూపరింటెండెంటు చేతిలోనే ఉంది. మళ్ళీ కర్ర వైపు చూశాడు. ఆమె పడిపోయేలా ఉంది. మచ్చ పడితే పడనీ అనుకుని బ్యూగిల్ ఎత్తాడు. పిలుపు తడబడలేదు.

దేశం కదిలింది. పదీ పదమూడైంది.

"టోపీ పెట్టుకోకుండా ఎవరు వాయించమన్నారు?" అంటూ సూపరింటెండెంటు వచ్చాడు. వెనకే ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "నీ ఉద్యోగం..." అని మొదలుపెట్టి, ఈ మనిషికి ఉద్యోగం సాయంత్రం దాకానే ఉందని గుర్తొచ్చి ఆగాడు. అంతలో అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటూ అటే వచ్చాడు. "అద్భుతం. మౌనం ఇంతసేపు పాటించాలన్న గొప్ప ఆలోచన ఎవరిదండీ?"

"మేమే, ఏదో, అలా అనుకున్నాం సార్," అన్నాడు ఆఫీసరు, ఊపిరి తిరక్కుండానే.

వాళ్ళందరినీ కర్రతో పక్కకు తప్పించుకుంటూ ముసలమ్మ వచ్చింది. "ఆ ఊదింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా. మీరు పడిపోతారేమోనని భయమేసి..."

"నేనెందుకు పడతాను? ఏటా కళ్ళు మూసుకుని మనసులో మావాడికి స్నానం చేయించి పడుకోబెట్టేసరికే ఊదేస్తారు. ఇవాళ మొదటిసారి బడికి పంపించాను. జ్వరమొస్తే భుజానేసుకుని తిరిగాను. ఇప్పుడిప్పుడే మీసాలొస్తున్నాయి." ఆమె గొంతు సన్నబడింది. "మీసాలొచ్చాక ఇంక మిగిలింది కొంచెమే కదా నాయనా. ఆ కాస్తసేపు ఆగలేకపోయావా?"

మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ మాట అంత నిజంగా ఆయన ఎప్పుడూ అనలేదు.

మరుసటి ఏడాది నుంచి మౌనం పదమూడు నిమిషాలని ఉత్తర్వు వచ్చింది. ఎందుకని అడిగినవాళ్ళకు, అది పదమూడు నెలల యుద్ధానికి గుర్తని సూపరింటెండెంటు ఓపిగ్గా వివరిస్తాడు. యుద్ధం జరిగింది తొమ్మిది నెలలే.