ఒక బాణీకి సంతాపసభ

మా పొరుగింటి చరిత్రకారుడు సాధించిన ఘనవిజయాన్ని పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాం. భారతీయ సంగీతంలో ఒక పాత గాన బాణీ పూర్తిగా అంతరించిపోయిందని ఆయన తిరుగులేని ఆధారాలతో నిరూపించారు. అది బతికున్నన్నాళ్ళూ దాని మొహం చూసినవాడు లేడు. పోయిందని తెలియగానే అందరికీ దానిమీద ప్రేమ పుట్టుకొచ్చింది. విద్యాపీఠంవారు ఆయన కోసం ఒక ఆచార్య పదవిని సృష్టించి, పుస్తకావిష్కరణ నాడే నియామక పత్రం అందజేస్తామన్నారు.

ఆయన పరిశోధనా పద్ధతి ఆదర్శప్రాయం. పాట వినరు. వింటే ఇష్టం పుడుతుంది, ఇష్టం పుడితే నిష్పాక్షికత పోతుంది. అందుకే సంగీత చరిత్ర మొత్తం చెవుల్లో దూది పెట్టుకుని రాశారు.

ఒకరోజు ఆ దూది జారింది. వంటింట్లో అత్తగారు గిన్నెలు తోముతూ పాడుకుంటున్నారు. ఆయన పుస్తకంలో వర్ణించిన లక్షణాలన్నీ, ఒక్కటీ పొల్లుపోకుండా, ఆ గిన్నెల చప్పుడు మధ్య వినిపిస్తున్నాయి. ఆయన కలం ఆగింది. బల్ల కింద కాలు మాత్రం యజమానిని అడక్కుండానే తాళం వేయసాగింది. ఆయన ముందు కాలును మందలించి, తర్వాత వంటింట్లోకి వెళ్ళారు.

“అత్తయ్యగారూ, అది మీరు పాడకూడదు.”

“ఏం నాయనా, తలనొప్పిగా ఉందా?”

“అది చచ్చిపోయింది.”

“అయ్యో! ఎప్పుడు?”

“మీ ముత్తాతల కాలంలోనే.”

“మా అమ్మ నేర్పిందే! మరి నా గొంతులో ఉన్నదేంటి, దెయ్యమా?”

“ఆధారాల ప్రకారం అంతే.”

భార్య అడ్డొచ్చింది. “అమ్మ పాడేది రాసుకుని, పుస్తకం మార్చేస్తే పోలా?”

“పోయినదానికి పదవి ఇస్తారే, ఉన్నదానికి ఎవడిస్తాడు?”

అత్తగారు చేతులు కడుక్కున్నారు. “ఇది నాకు తప్ప ఇంకెవరికీ రాదు నాయనా. నేను పోయేదాకా ఆగుంటే మీ పుస్తకం నిజమయ్యేది. కాస్త తొందరపడ్డారు.”

విషయం విద్యాపీఠానికి చేరింది. పాడే మనిషిని ఆధారంగా స్వీకరించే నిబంధన ఏదీ లేనందున, సదరు మహిళ పాటను పరిగణనలోకి తీసుకోనక్కర్లేదని నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆవిష్కరణ సభకు హాలు కిటకిటలాడింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. “మిత్రులారా! ఆ బాణీని మనం పోగొట్టుకున్నాం. కానీ పోగొట్టుకున్న వైనాన్ని పదిలంగా కాపాడుకున్నాం! ఇంత పద్ధతిగా పోగొట్టుకున్న జాతి ఇంకొకటుందా?”

చప్పట్లు మోగాయి. తర్వాత దివంగత బాణీకి నివాళిగా అందరం లేచి మౌనం పాటించాం. అంత నిశ్శబ్దం, సభకొచ్చిన అత్తగారికి జీవితంలో ఎప్పుడూ దొరికినట్టు లేదు. ముందు వరుసలో నిలబడి, కళ్ళు మూసుకుని, సన్నగా పాట అందుకున్నారు.

“ష్! మనిషన్నాక ఇంగితం ఉండక్కర్లేదా? సంతాపం జరుగుతుంటే పాటేంటండీ?”

ఆవిడ ఆగిపోయారు. ఆ తర్వాత ఇంట్లో కూడా మళ్ళీ పాడలేదు. పుస్తకం రెండో ముద్రణ ఒక్క సవరణా అవసరం లేకుండా వెలువడింది.

ఆనాడు ఆవిడ నోరు మూయించిందెవరని చరిత్రకారుడి భార్య చాలామందిని అడిగి చూసింది. తేలలేదు. మీ గొంతేదో నా గొంతేదో విడదీయడానికి వీల్లేకుండా, హాలంతా అంత చక్కగా శ్రుతి కలిపాం మరి.