కొసరు లేని పాలసీ

విదేశాల్లో చదివే మన పిల్లలకు హెల్త్ ఇన్సూరెన్స్‌ను మించిన మందు లేదు. నవ్వకండి! పాలసీ కట్టిన పిల్లలు ఆస్పత్రి గడప తొక్కరు. జ్వరమొస్తే ముందు పాలసీ కాగితాలు తీస్తారు. అందులో చీమతలంత అక్షరాలు చదవడం మొదలుపెడతారు. అవి పూర్తయ్యేలోగా జ్వరమే విసిగిపోయి వెళ్లిపోతుంది. ఇంతకన్నా సులువైన వైద్యం ఎక్కడైనా ఉందా?

పాలసీ లేనిదే వీసా లేదట. ఎంత ప్రేమ! మన పిల్లలకు రోగమొస్తుందేమోనని ఆ దేశాలవాళ్లు మనకన్నా ముందే బెంగపెట్టుకుంటున్నారు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీలు శరీరశాస్త్రాన్నే తిరగరాశాయి. పళ్లు ఒంట్లో భాగం కావట! అద్దాలు కావలసిన కళ్లూ కావట! ఇన్నాళ్లూ మనమే తెలివితక్కువగా వాటిని సొంతమనుకుని మోశాం.

ఈ శాస్త్రం హైదరాబాద్ పాతబస్తీలో ఒక్క గౌలిపుర మైసయ్యకే ఎక్కలేదు.

మైసయ్యది పాల బేరం. లీటరు కొలిచాక గిన్నెలో ఇంకో గరిటెడు వంపనిదే చెయ్యి వెనక్కి తీయడు. అదే కొసరు. అతని తండ్రి పోశాడు, తాత పోశాడు. కొసరు లేనిది అతని లెక్కలో బేరం కాదు, దోపిడీ.

కూతురు కీర్తిప్రియ మెల్‌బోర్న్‌లో చదువుతోంది. మొన్న ఆ పిల్లకు జ్ఞానదంతం కింద చీముపట్టి దవడ బన్నులా ఉబ్బింది. ముందర పరీక్షలు, నోట్లోకి ముద్ద పోదు. పంటి డాక్టరు ఫీజు విని, గదికొచ్చి మాత్రలు మింగుతూ పడుకుంది.

"పైసలు కట్టినం గద బిడ్డా, పో, చూపించుకో!" అన్నాడు మైసయ్య వీడియో కాల్‌లో.

"పండ్లు కవర్ కావు బాపు," అంది ఆ పిల్ల సగం మూతితో.

"గదేంది? దవడకు కట్టినం గద! పండ్లు కొసరేసుకోమను. నువ్వు మాట్లాడకు, ఫోన్ కలుపు, నేను అడుగుత."

కీర్తిప్రియ హెల్ప్‌లైన్‌కి కాన్ఫరెన్స్ కలిపింది. ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు, ఆ తర్వాత సంగీతం వినిపించారు. సంగీతానికి వేరే చార్జీ లేదు, గమనించండి!

"హలో, దిస్ ఈజ్ సామ్. హౌ మే ఐ హెల్ప్ యూ?"

మైసయ్య తనకున్న భాషలన్నీ ఒక్కసారే దించాడు. "మై డాటర్! దాంత్ పెయిన్! ఫుల్ పైసా పేడ్! వేర్ ఈజ్ కొసరు?"

"సారీ సర్, డెంటల్ ఈజ్ నాట్ కవర్డ్."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. మైసయ్య విసుగెత్తి పక్కనున్న భార్యతో, "సత్తెమ్మా, గీనికి కొసరంటె ఏందో సమజైతలేదే," అన్నాడు.

"సమజైంది బాపు," అన్నాడు సామ్.

మైసయ్య ఫోన్‌ను తిప్పి తిప్పి చూశాడు. కొట్టంలో బర్రె ఒక్కటే అరిచింది.

"ఏడున్నవ్ రా నువ్వు?"

"ఆఫీసు మాదాపూర్ల, ఇల్లు ఉప్పుగూడల. అసల్ పేరు సోమశేఖర్. జర మెల్లగ మాట్లాడు బాపు, టీమ్ లీడర్ ఎనకనే ఉన్నడు."

చూశారా మహిమ! గౌలిపుర మొర సముద్రాలు దాటి ఆస్ట్రేలియా పోయి, తిరిగి తిరిగి పక్కనే ఉన్న ఉప్పుగూడ పిల్లగాడి చెవిలోనే పడింది. దేశాలను కలపడమంటే ఇది కాదూ?

"నా ఇన్సూరెన్స్‌ల గూడ పండ్లు లేవు బాపు," అన్నాడు సోమశేఖర్. "నొప్పి పంటికి లవంగం బెట్టుకొని ఇంగ్లిష్ మాట్లాడుతున్న. చెల్లే, ఇంటున్నవా? ఆడ డెంటల్ కాలేజ్ ఉంటది. నేర్చుకునే పిల్లలు చేస్తరు, సార్లు పక్కనే నిలవడ్తరు. తక్కువల అయితది. చీమును గట్లనే పెట్టుకోకు, జల్ది పో."

కీర్తిప్రియ వెళ్లింది. చదువుకునే పిల్ల పన్నును చదువుకునే పిల్లలే పీకారు. వాపు దిగింది, పరీక్ష రాసింది. ఇన్సూరెన్స్ కార్డు మాత్రం పర్సులో క్షేమంగా ఉంది, దానికి చిన్న గీత కూడా పడలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మైసయ్య మీకు తెలియనట్టే. మర్నాడు పొద్దున్నే పాలకొచ్చిన మాణిక్యమ్మ గిన్నె పట్టింది. మైసయ్య లీటరు కొలిచి చెయ్యి వెనక్కి తీశాడు.

"కొసరేదయ్యా?"

"కవర్ కాదు."

"ఏందీ?"

"నువ్విచ్చింది పాల పైసలు. కొసరు, నురుగు, మీగడ పాలసీల లేవు. షికాయత్ ఉంటె ఒకటి నొక్కు."

ఇక లొల్లి చూడాలి! "పొద్దుపొద్దుగాల మజాకా?" అని ఒకామె. "బర్రె తన్నిందా ఏంది నెత్తిమీద?" అని ఇంకొకామె. అందరికన్నా గట్టిగా అరిచినవాడు పురుషోత్తం సారు. కూతురు అమలను ఐర్లాండ్ పంపుతూ, పాలసీలో ఎంత కట్టాలన్న పేజీ తప్ప మరో పేజీ తిప్పని పెద్దమనిషి.

"కన్జ్యూమర్ కోర్టుకు పోత మైసయ్యా! ఏమనుకుంటున్నవ్?"

మైసయ్య గరిట పైకెత్తాడు. "సారూ, గింతన్ని పాలకు గంత గొంతున్నది నీకు. అమల పాలసీల పండ్లున్నయా అని ఒక్కసారన్న అడిగినవా?"

పురుషోత్తం సారు నాలుకతో తన పళ్లు తడుముకున్నాడు.

మైసయ్య అందరి గిన్నెల్లో కొసరు పోశాడు. రోజుకన్నా కాస్త ఎక్కువే పోశాడు. సారు గిన్నె దగ్గర మాత్రం ఆగాడు.

"నీ కొసరు ఈడనే ఉంటది సారూ. ముందుగాల ఫోన్ జేసి అడుగు."

సారు గిన్నె గట్టు మీద పెట్టి, అమల పాలసీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలిపి, ఒకటి నొక్కాడు.