పున్నమ్మను బయట పడుకోబెట్టిన రోజు

"ఏడాది దాటింది గదత్తా. ఇంకెప్పుడు చేస్తాం దినం?" మళ్ళీ మొదలుపెట్టింది అన్నపూర్ణ.

"శవమే దొరకనోడికి పిండమేంటే? ఏ ఊళ్ళోనో కూలి చేసుకుంటా ఉంటాడు. రేపొచ్చి, నాకే పెట్టారంట గదా అంటే ఏం చెప్పను?"

ఉప్పెనలో కొట్టుకుపోయిన చిన్నకొడుకు యలమంద కోసం పున్నమ్మ ఇంకా రోజూ అన్నం తీసిపెడుతుంది. పెద్దకొడుకు సూరయ్య తల్లికీ పెళ్ళానికీ మధ్య కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. హైదరాబాదు టీవీ కేంద్రం నుంచి జగన్మోహనరావు దిగాడు. వెంట పని నేర్చుకోవడానికి కొత్తగా చేరిన సుగుణ, కెమెరా మోసుకుంటూ ఇంకొకతను.

"దివిసీమ ఏడాది తర్వాత ఎలా ఉందో వార్తల్లో చూపిస్తామండీ" అన్నాడు.

"మా చిన్నోడు చూస్తాడా బాబూ?" అంది పున్నమ్మ.

"రాష్ట్రమంతా చూస్తుందమ్మా."

టీవీ ప్రసారాలు ఇంకా హైదరాబాదు పొలిమేర దాటవని సుగుణకు తెలుసు. అయినా గురువుగారి వెనకే నిలబడి ముసలమ్మ పేరు రాసుకుంది.

"లోపల చీకటి సుగుణా. వెలుతురు లేకపోతే వార్త లేదు. చాప బయట వేయించు" అన్నాడాయన. కొడుకు బెంగతో లేవలేనట్టు ముసలమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. మొహం మీదకు ఎండ మళ్ళించడానికి సూరయ్య తెల్లపంచె తెప్పించారు. అన్నపూర్ణను ఏడవమన్నారు. ఆమెకు మరిది గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఇంతలో మబ్బు పట్టింది. "ఎండ వచ్చేదాకా ఎవరూ కదలొద్దు" అన్నాడు జగన్మోహనరావు. ఈగలు వాలుతున్నాయని పున్నమ్మ పక్కన పడేసిన ఆ పంచె మొహం మీదకు లాక్కుంది.

వాకిటి పక్కనే కాలవగట్టున చేపల గంపలతో పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. సుగుణ నోటిమీద వేలేసి, వెళ్ళమని సైగ చేసింది. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి పున్నమ్మ తమ్ముడు గంగరాజు కొత్తబట్టతో, పూలదండతో వచ్చాడు. వెనకాల బంధుబలగమంతా.

"యలమంద దగ్గరికే పోయావా అక్కా! పైన ఆడికి అన్నం పెట్టుకుందువుగానీ!" అంటూ చాప పక్కన కూలబడ్డాడు. ఆడవాళ్ళందరూ యలమంద పేరే చెప్పి శోకాలు తీశారు. చెప్పబోయిన సూరయ్యను జగన్మోహనరావు రెక్క పట్టి ఆపాడు.

"చూశావా సుగుణా, సహజత్వం! కెమెరా ఆపకండి!"

గంగరాజు దండ వేయబోయాడు. పంచె కదిలింది.

"కాసిని మంచినీళ్ళియ్యవే అన్నపూర్ణా" అని పున్నమ్మ లేచి కూర్చుంది.

గంగరాజు దండతో సహా కాలవలో పడ్డాడు. గట్టెక్కి, "బుద్ధుందా అక్కా? డప్పులకి కబురెట్టాను! ఊరూరా చెప్పొచ్చాను!" అని అరిచాడు.

పున్నమ్మ నీళ్ళు తాగింది. తన కోసం వచ్చి తన కొడుకు కోసం ఏడ్చిన వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. వాడిక లేడని తనకొక్కదానికి తప్ప అందరికీ తెలుసు.

"వచ్చినోళ్ళెవరూ వెళ్ళొద్దు" అంది మెల్లిగా. "మా చిన్నోడి దినం రేపు చేసేద్దాం."

అన్నపూర్ణ ఖాళీ చెంబు అందుకుని అత్త పక్కన కూర్చుంది. జగన్మోహనరావు గబగబా కెమెరా వైపు తిరిగాడు. రీలంతా ముసలమ్మ చావుకే అయిపోయింది.