లిఫ్టు ఫాలో అప్‌లో ఉంది

ఇందుమూలంగా నివాసులందరికీ తెలియజేయడమేమనగా, లిఫ్టు ఆగిపోయిన విషయం ఫాలో అప్‌లో ఉంది. కావున ఎవరూ కంగారుపడవలసిన పనిలేదు.

ఈ ప్రకటనను మెట్ల దగ్గర అంటించినవారు ఐదో అంతస్తులో ఉండే సెక్రటరీగారు. మనిషి బంగారం. ఎవరేమడిగినా "ఫాలో అప్ చేస్తున్నానండీ" అంటారు. ఆ మాటలో గొప్ప సుఖముంది. పని చేయలేదని ఒప్పుకోనక్కర్లేదు, చేస్తానని మాటివ్వనక్కర్లేదు, పైగా చెమటోడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఇంట్లో గ్యాసు అయిపోతే ఫాలో అప్, కుళాయి కారితే ఫాలో అప్. తన పెళ్లిని కూడా ఆయన ఫాలో అప్ చేశారే గాని, కుదిర్చింది అత్తగారు.

ఈసారి చిక్కేమిటంటే, ఆయన భార్యకు నెలలు నిండాయి.

"అన్ని మెట్లు నేను దిగలేనండీ. నొప్పులొస్తే ఎలా? లిఫ్టు సంగతేం చేశారు?" అందావిడ నడుం పట్టుకుని.

"ఫాలో అప్ చేస్తున్నాగా!"

అన్నారే గాని, సెక్రటరీగారికీ భయంగానే ఉంది. భార్యంటే ఆయనకు ప్రాణం. అందుకే ఆ రోజు మామూలుకంటే గట్టిగా ఫాలో అప్ చేశారు. కోశాధికారికి ఫోను చేశారు. కోశాధికారి వాచ్‌మన్‌కు చేశాడు. వాచ్‌మన్ చెప్పిందేమంటే, మెకానిక్ ఎప్పుడో వచ్చాడు, మేడమీద మోటారు గదికి తాళం వేసి ఉండటంతో వెళ్లిపోయాడు. తాళంచెవి సంగతి సెక్రటరీగారితో ఫాలో అప్ చేస్తానని కోశాధికారి అప్పుడే మాటిచ్చాడు. చేస్తూనే ఉన్నాడు పాపం. రోజూ ఇద్దరూ "ఏమైందండీ?" అని ఒకరినొకరు అడిగి, తృప్తిగా ఫోను పెట్టేసేవారు.

ఇంతలో కూతురి పురిటికి అత్తగారు వచ్చారు. పెట్టె మోసుకుంటూ ఐదంతస్తులూ ఎక్కి, గుమ్మంలోనే కూలబడి, విషయమంతా విన్నారు.

"ఇంతకీ ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, బాబూ?"

అల్లుడు ఆలోచించాడు. నిబంధనల ప్రకారం సెక్రటరీ దగ్గరే ఉంటుంది. బీరువా పక్కన మేకుకు వేలాడుతోంది కూడా.

అత్తగారు లేచారు. తాళంచెవి తీసుకున్నారు, మెకానిక్‌ను పిలిపించారు, పక్కనే నిలబడి బాగుచేయించారు. మర్నాడు కూతురు లిఫ్టులోనే దిగి ఆసుపత్రికి వెళ్లింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

ఆ ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. "సొంత ఇంటి కష్టాన్ని సైతం లెక్కచేయక, అహోరాత్రులు ఫాలో అప్ చేసిన మహనీయులు!" అంటూ కోశాధికారి సెక్రటరీగారిని కొనియాడాడు. చప్పట్లు మారుమోగాయి. సెక్రటరీగారికి నిజంగానే సిగ్గేసింది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని లేచారు కూడా. ఆయన లేవగానే చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. దండం పెట్టి కూర్చున్నారు.

పిమ్మట ఒక తీర్మానం ప్రవేశపెట్టారు: ఇకమీదట బయటివారెవరూ ఫాలో అప్ పూర్తికాకుండానే తాళంచెవులు తీసుకుని పనులు చేసేయరాదు. చేతులన్నీ లేచాయి. వెనక వరుసలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తగారివైపు చూడకుండా, సెక్రటరీగారు కూడా చెయ్యెత్తారు.

మీరూ నేనూ అక్కడ లేకపోబట్టి గాని, ఉంటే మన చేతులు ఇంకాస్త పైకి లేచేవి.