మెట్టు లేని సైకిలు

ఆ ఉదయం ఎల్బర్ట్ చేయవలసిన పని ఒక్కటే. అన్న ఆల్డెన్ శవపేటికను మోసే కారుకు ముందు, తాత నాటి ఎత్తుచక్రం సైకిలు తొక్కుకుంటూ శ్మశానం గేటు దాకా వెళ్ళాలి. అక్కడ దిగాలి. ఆల్డెన్ పోయేముందు కోరిన కోరిక అది. కాదంటే పగను సమాధి దాకా మోసుకొచ్చాడని ఊరంతా అంటుంది. వదిన వెర్నా ఏమీ అనదు, ఊరికే చూస్తుంది. అది ఇంకా కష్టం.

పగకు మూలం ఆ సైకిలే. స్టానర్డ్ సైకిళ్ళ కార్ఖానాలో ఊచలు బిగిస్తూ తాత సంపాదించుకున్నది. ముందు చక్రం మనిషి గుండెల ఎత్తు, వెనకది సూపు పళ్ళెమంత. ఇరవై ఏళ్ళ కిందట థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర ఎల్బర్ట్ దాన్ని తుక్కు అన్నాడు. ఆల్డెన్ టర్కీ కోస్తున్న కత్తి కింద పెట్టాడు. అంతే, మళ్ళీ అన్నదమ్ములకు మాటల్లేవు.

కబురు విన్న దగ్గర్నుంచీ ఎల్బర్ట్ తనలో దుఃఖం కోసం వెతుక్కుంటున్నాడు, చీకటి గదిలో స్విచ్చి కోసం తడుముకున్నట్టు. గోడే తగులుతోంది.

నవంబరు తుంపరలో సైకిలును వరండా కటకటాలకు ఆనించి ఉంచారు. ఎల్బర్ట్ దాని వెనక కడ్డీ తడిమి చూశాడు.

"ఎక్కి దిగే మెట్టేది, బర్డెట్?"

బర్డెట్ పాత సైకిళ్ళ సంఘం కార్యదర్శి, ఆల్డెన్ భక్తుడు. "పీకేశాడు. బ్రేకు కూడా. స్టానర్డ్ వాళ్ళు మొదటి ఏడాది చేసిన బళ్ళకి అవి లేవు. తర్వాతెవరో తగిలించారు. అసలుకి మచ్చ అన్నాడు."

"మరి దిగేదెలా?"

"ఆయన ఎక్కితేగా దిగడానికి! గేటు దగ్గర నేను పట్టుకుంటాలే, బెంగపడకు."

చిన్నప్పుడు తొక్కిన కాళ్ళకు ఆ విద్య గుర్తుంది; వరండా కటకటాల మీంచి ఎక్కేశాడు. వెనక మిస్ టర్ల్, శవపేటిక కారు డ్రైవరుకు చెబుతోంది. ఈ ఊళ్ళో అంత్యక్రియలన్నీ ఆవిడ చేతుల మీదుగానే జరుగుతాయి. "సైకిలు ఎటు పోతే అటు పో. ఎడం పెరగనివ్వకు."

అన్న కోరింది రాజీయా, కక్షా? ఎల్బర్ట్ ఆ ప్రశ్న తేల్చుకోకముందే గేటు వచ్చేసింది. సంఘం వాళ్ళంతా బారులు తీరి ఉన్నారు. అయితే శవపేటిక కారు దగ్గరపడితే టోపీ తీసి, అది దాటిపోయేదాకా తల వంచడం అక్కడి మర్యాద. అందరూ వంచారు. బర్డెట్ అందరికంటే భక్తిగా వంచాడు.

"బర్డెట్! ఓరి బర్డెట్!"

ఆ కేకకు బర్డెట్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇన్నాళ్ళకు తమ్ముడి గుండె పగిలిందనుకున్నాడు.

గేటు వెనకపడింది. అక్కడినుంచి పల్లం. చక్రంతోపాటు గిర్రున తిరిగే పెడళ్ళ మీద చావు కోసం పాలిష్ పెట్టిన బూట్లు నిలవలేదు. కాళ్ళు గాల్లో వేలాడాయి. వెనక శవపేటిక, దాని వెనక వెర్నా, ఆ వెనక దీపాలు వెలిగించుకున్న కార్ల బారు, అన్నీ విధేయంగా మలుపు తిరిగాయి. ఎదురొచ్చిన లారీ పక్కకు ఆగింది. మంగలి దుకాణం వదిలి బయటికి వచ్చాడు. సైకిలును పట్టుకోగలిగిన ప్రతి చెయ్యీ మర్యాదగా గుండెల మీదే ఉంది.

చివరికి దారి ఎగువకు తిరిగింది. సైకిలు నీరసించి, ఒక్క క్షణం నిలబడి, మూతపడిన స్టానర్డ్ కార్ఖానా గేటు ముందు తడి పొదలోకి ఒరిగింది.

కార్ల తలుపులు వరసగా తెరుచుకున్నాయి. ముందు వెర్నా వచ్చింది.

"వదినా, నేను కావాలని..."

"చెప్పకు." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తాత పనిచేసిన కార్ఖానా గేటు ముందునుంచి ఒక్కసారి తీసుకెళ్ళమన్నాడు ఆయన. మిస్ టర్ల్ చుట్టుదారంది, నేనూ నోరు మూసుకున్నాను. నీకెలా తెలిసింది?"

పొదలోంచి లేవబోయిన ఎల్బర్ట్ మళ్ళీ కూలబడ్డాడు.

"పైగా ఏడుస్తున్నావు! నువ్వు ఏడవవని నాతో పందెం కాశాడు, మొండి పీనుగ. ఓడిపోయాడు."

చెంప తడిమి చూసుకున్నాడు. తడే. గాలికి వచ్చిన నీళ్ళో, భయానికి వచ్చినవో వేళ్ళకు తెలియలేదు. సైకిలు ఆగిపోయింది, గాలి పడిపోయింది. నీళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

మోకాలు బెణికి కాలు ముడుచుకోవడం లేదు. చాపుకుని కూర్చునే చోటు ఒక్క శవపేటిక కారులోనే ఉంది. మిస్ టర్ల్ దాని వెనక తలుపు తెరిచింది.

అలా ఇరవై ఏళ్ళ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకే బండిలో ప్రయాణం చేశారు. ఎప్పటిలాగే, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.