ధర మారలేదు, దేశం మారింది

దేశంలో ఏది పడిపోయినా దాన్ని లేపడానికి ఒక శాఖ ఉంటుంది. వంతెన పడిపోతే ఒక శాఖ, కరెంటు స్తంభం పడిపోతే ఇంకో శాఖ, రెండూ కలిసి ఒకే గేదె మీద పడితే సమన్వయ కమిటీ. రూపాయి పడిపోతే ఎవరు లేపాలన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. చివరికి ఆ భారం బస్తర్‌లో బైలదిల కొండల కింద ఉన్న బచేలి గనుల టౌన్‌షిప్‌లో వడియాలు, ఇడ్లీపిండి అమ్ముకునే పైడమ్మ మీద పడింది. (ఆమెను ముందుగా ఎవరూ అడగలేదు. అడగడానికి వేరే శాఖ ఉంది.)

పైడమ్మ భర్త అప్పలకొండ ఇనుప గనిలో డంపర్ నడుపుతాడు. పెళ్లయిన కొత్తలో విజయనగరం వైపు నుంచి ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. పైడమ్మకు పెద్ద కోరికలేమీ లేవు. పాస్‌పోర్టులో ఒక్క విదేశీ ముద్ర పడితే చాలు. ఈ కోరికకు కారణం పక్క క్వార్టర్ సుధామణి. రూపాయి కాస్త ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆవిడ దుబాయ్ వెళ్లొచ్చింది. అప్పటినుంచి ఏ పేరంటంలోనైనా తాంబూలం కంటే ముందు ఆవిడ పాస్‌పోర్టే చేతులు మారుతోంది. ముద్ర ఉన్న పేజీ దగ్గర పసుపు మరక కూడా పడింది.

పైడమ్మకు బ్యాంకులో ఒక డిపాజిట్ ఉండేది. బ్యాంకు లెక్క ప్రకారం అది ఏటా పెరుగుతోంది. కిరాణా కొట్టు లెక్క ప్రకారం ఏటా తరుగుతోంది. రెండు లెక్కలూ సరైనవేనని బ్యాంకాయన ఆమెకు చల్లటి నీళ్లిచ్చి మరీ వివరించాడు.

ఆ నీళ్లు తాగి ఆమె డిపాజిట్ రద్దు చేసుకుంది. డబ్బు మొత్తం పట్టుకెళ్లి 'సప్తసాగర స్థిరధర విహారాలు' అనే సంస్థలో కట్టింది. చాలనిదానికి నెలనెలా కిస్తీ. సంస్థ ఏజెంటు ప్రేమ్‌కుమార్ జగదల్‌పూర్ కుర్రాడు, మాటలు నున్నగా ఉంటాయి.

"ఆంటీజీ, టెన్షనే లేదు. స్విట్జర్లాండ్. డాలర్ ఆకాశానికి పోనీ, పాతాళానికి పోనీ, మన రేట్ పక్కా. ఒక్క పైసా పెరగదు" అన్నాడు.

"మంచు ఉంటాదా బాబూ?"

"మంచు ఫ్రీ, ఆంటీజీ."

పైడమ్మ ఎర్ర స్వెట్టరు కొంది. పాస్‌పోర్టు తీయించుకుంది. ఫోటోలో నవ్వకూడదన్నారని ఎంత శ్రద్ధగా నవ్వకుండా కూర్చుందంటే, ఆ ఫోటో చూసినవాళ్లకు ఆమెకు రూపాయి సంగతి అప్పుడే తెలిసిపోయిందేమో అనిపిస్తుంది.

మొదటి సందేశం ఎండాకాలంలో వచ్చింది. "అభినందనలు! రూపాయి స్వల్పంగా సర్దుకున్నప్పటికీ మీ ధర మారలేదు. మీ దేశం సింగపూర్‌గా మారింది."

పైడమ్మ ప్రేమ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను ఏమాత్రం తడబడలేదు. నిబంధనల్లో ఇరవై మూడో క్లాజు ఉందట. ధర స్థిరంగా ఉండాలంటే ఇంకేదో ఒకటి కదలాలి, కదలడానికి దేశాలు అనుకూలంగా ఉంటాయట. "సింగపూర్‌లో ముద్ర ఏస్తారా?" అని అడిగింది పైడమ్మ. వేస్తారన్నాడు. ఆమె శాంతించి స్వెట్టరు మడతపెట్టి బీరువాలో పెట్టింది.

వానాకాలంలో సింగపూర్ శ్రీలంకయింది. డాలరు తొంభై దాటిన వారం శ్రీలంక అండమాన్ అయింది. ప్రతిసారీ అభినందనలు వచ్చాయి. ఇన్ని అభినందనలు ఆమెకు పెళ్లిలో కూడా రాలేదు.

"అండమాన్ మన దేశమే కదే" అన్నాడు అప్పలకొండ అన్నం కలుపుకుంటూ.

"సముద్రం దాటతాం కదా. అడిగితే ఓ ముద్ర ఏయరేటి?"

"నాను తవ్విన రాయి రైలెక్కి విశాఖపట్నం ఎల్తాది, ఓడెక్కి జపాను ఎల్తాది, డాలర్లు తెస్తాది. దానికి పాస్‌పోర్టు లేదు, కిస్తీ లేదు. నువ్వు రాయిగా పుట్టాల్సింది, పైడీ."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ పూట ఆయనకు మజ్జిగ దక్కలేదు. అయినా ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది, ఎందుకంటే అందులో తప్పేమీ లేదు.

చివరి సందేశం చలికాలంలో దిగింది. "అభినందనలు! మీ ధర మారలేదు. మీ గమ్యం: మేఘాలు తాకే బైలదిల కొండలు. స్థానిక కుటుంబంతో బస." కింద ఆ స్థానిక కుటుంబం చిరునామా ఉంది. పైడమ్మ రెండుసార్లు చదివింది. బయటికెళ్లి గుమ్మం మీద క్వార్టర్ నంబరు చూసొచ్చి మూడోసారి చదివింది.

ఈసారి ప్రేమ్‌కుమార్ స్వయంగా స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఆంటీజీ, కస్టమర్లు చాలామంది ఉంటారు. గమ్యం అయ్యే భాగ్యం ఎంతమందికి? హైదరాబాద్ పార్టీ వస్తోంది. వాళ్లదీ స్విట్జర్లాండే. జారి జారి మీ ఇంటికొచ్చింది. వాళ్లకు వండిపెడితే ఈ నెల కిస్తీ మాఫ్."

డబ్బాతో పాటు నియమావళి, ఒక గుండ్రటి రబ్బరు ముద్ర ఇచ్చాడు. ముద్రలో 'చేరుకున్నారు' అని ఉంది, కింద 'వచ్చిన కారణం' అని చుక్కల గీత. నియమావళిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఎనిమిదో నిబంధన: విదేశీ అనుభూతి కోసం ఆతిథ్య కుటుంబం మొదటి ఇరవై నిమిషాలు అతిథుల భాషలో మాట్లాడరాదు.

గోపీ, మాధురి దంపతులు హైదరాబాద్ నుంచి విశాఖ వచ్చి, అక్కడ కిరండూల్ రైలెక్కి బచేలిలో దిగారు. మాధురి రైలు దిగేసరికే ఎర్ర స్వెట్టరు వేసుకుని ఉంది. పైడమ్మ దండం పెట్టి, తనకు వచ్చిన ఒకే ఒక్క పరాయి భాష అందుకుంది. అది ఇక్కడి సంతలో బేరాలకు పనికొచ్చే హల్బీ. అందులో ఆమెకు బేరాలు తప్ప ఏమీ రావు. టమాటాలు కిలో ఎంత, ఇంత పచ్చివి ఎవరికమ్మా, తూకం సరిగ్గా వెయ్యి అంటూ చేతులూపుతూ వాళ్లను ఆదరంగా లోపలికి తీసుకెళ్లింది. గోపీ పరవశించిపోయాడు. "చూడు మాధురీ, ఎంత మర్యాదగా పలకరిస్తున్నారో! ఈ అభిమానం మన దగ్గరెక్కడిది?" అన్నాడు.

అంతా నిబంధనల ప్రకారం సాగుతుండగా వేడి టీ పైడమ్మ చేతి మీద ఒలికింది.

"ఓలమ్మో! సచ్చిపోనాను!"

మాధురి కప్పు కింద పెట్టింది. "మీరు తెలుగువాళ్లా?"

పైడమ్మ గోడ గడియారం వైపు చూసింది. "ఇంకో ఆరు నిమిషాలు కాదమ్మా."

ఆ ఆరు నిమిషాలూ అప్పలకొండతో సహా నలుగురూ నియమాన్ని గౌరవిస్తూ మౌనంగా కూర్చున్నారు. తర్వాత కట్టలు తెగిన కబుర్లు. పైడమ్మ బీరువా తెరిచి తన ఎర్ర స్వెట్టరు చూపించింది. మాధురి తన పాస్‌పోర్టు చూపించింది. అదీ ఖాళీయే. "బడికి ఆటోలో వెళ్లడం మానేసి నడిచి పోగేశానండీ" అంది మాధురి. ఆమె స్కూల్లో సైన్సు టీచరు. పైడమ్మ ఆ పిల్ల కోసమని రాత్రికి చేపల పులుసు చేసి, కొసరి కొసరి వడ్డించింది.

మర్నాడు అప్పలకొండ వాళ్లను కొండ మీదికి తీసుకెళ్లి, నిజంగానే మేఘాలు చూపించాడు. వెళ్లేటప్పుడు పైడమ్మ వాళ్లకు సంస్థ ఇచ్చిన యాత్రా పుస్తకంలో ముద్ర కొట్టింది. వచ్చిన కారణం దగ్గర గోపీ చాలాసేపు ఆలోచించి 'స్విట్జర్లాండ్' అని రాశాడు.

ఆ మరుసటి వారమే రూపాయి కాస్త లేచింది. టీవీలో చూడగానే పైడమ్మ కళ్లు మెరిశాయి. ఉన్నపళంగా సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది.

"రూపాయి లేచింది కదమ్మా. మరి నా దేశం ఎనక్కొస్తాదా? అండమానైనా పర్లేదు."

"క్షమించాలి మేడమ్. దేశాలు ఒకవైపే ప్రయాణిస్తాయి" అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.

ఫోన్ పెట్టేలోపే సందేశం వచ్చింది. "అభినందనలు! రూపాయి బలపడినందున మీ గమ్యం మారలేదు. ధర మారింది. మీరు ఇప్పటికే గమ్యంలో నివసిస్తున్నందున మీ యాత్ర పూర్తయినట్టుగా పరిగణించాం. మిగిలిన కిస్తీలు సకాలంలో చెల్లించగలరు."

పైడమ్మ ఏడవలేదు. ఏడుపొచ్చింది గానీ పొయ్యి మీద పాలున్నాయి. పాలు దించి, స్వెట్టరు తొడుక్కుని, బల్ల ముందు కూర్చుని తన పాస్‌పోర్టు తెరిచింది. రబ్బరు ముద్రను ఊది, బలంగా అద్దింది.

"అది సెల్లదే పైడీ" అన్నాడు అప్పలకొండ.

"సుధామణికి తెల్దు కదా" అంది.

వచ్చిన కారణం దగ్గర కుదురైన అక్షరాలతో 'పొదుపు' అని రాసింది.